జ్వరాలొచ్చిన ఏడు

"ఏ సంవత్సరం కావాలండీ?"

వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు చూడాలంటే మొదటి ప్రశ్న ఇదే. నా దగ్గర సంవత్సరం లేదు. ఉన్నదల్లా మా తాతగారి పద్దుల పుస్తకం. నేతపని ఇల్లు కాబట్టి అందులో నిండా నూలు బాకీలు, చీరల లెక్కలు. ఆఖరి పేజీలో మాత్రం ఇంట్లో పోయినవాళ్ల తిథులు రాసుకున్నారు. వాళ్లమ్మ పేరు, పక్కనే 'ఆశ్వయుజ బహుళ నవమి'. అంతే. తద్దినం పెట్టడానికి మాసం, పక్షం, తిథి ఉంటే చాలు. ఏ ఏడాదో ఎవరికి కావాలి? వంశచరిత్ర రాసుకుందామని కూర్చున్న మనవాళ్లకి మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది.

"జ్వరాలొచ్చిన ఏడు పోయిందని మా పెదనాన్న అంటారండీ" అన్నాను.

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నారు. "అయితే కాళయుక్తి. 1918 తియ్యాలి."

ప్రపంచమంతా పాకిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగానే పొట్టన పెట్టుకున్న ఏడాది అది. 1911కీ 1921కీ మధ్య భారతదేశ జనాభా పెరక్కపోగా తగ్గింది. జనాభా లెక్కల చరిత్రలో అలా జరిగింది ఆ పదేళ్లలోనే. ఈ గ్రంథాలయం పుట్టిందీ 1918లోనే. ఇప్పుడున్న భవనానికి గాంధీ 1929లో శంకుస్థాపన చేశారు. పాత పత్రికలకు, దొరకని పుస్తకాలకు ఈ చోటు పెట్టింది పేరు. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తుంటారు. తాతమ్మ కోసం వచ్చినవాడు మాత్రం వాళ్లకి కాస్త వింతగానే కనిపించి ఉంటాడు.

సంవత్సరం తేలితే తిథిని తేదీ చెయ్యడం కష్టం కాదు. 1918లో దీపావళి నవంబరు 3న వచ్చింది. బహుళ నవమి అమావాస్యకు ఆరు రోజుల ముందు కాబట్టి అక్టోబరు 28, లేదా ఒక రోజు అటూ ఇటూ. ఆ ఏడు మా ఇంట్లో దీపాలు పెట్టలేదన్న మాట పెదనాన్న చిన్నప్పటి నుంచీ వింటున్నదే. లెక్క సరిపోయింది.

బైండు చేసిన సంపుటం బల్లమీదికి వచ్చింది. కాగితం ముదురు టీ రంగుకి తిరిగింది. అంచు పట్టుకుంటే వేలికి పొడి అంటుతోంది. "పేజీ మధ్యలో అరచెయ్యి పెట్టి తిప్పండి, మూల పట్టి లాగొద్దు" అని పెద్దాయన చేసి చూపించారు. మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక 1914 నుంచే దినపత్రికగా వస్తోంది. బందరులో కృష్ణాపత్రిక అంతకంటే పాతది, 1902 నాటిది. ఆ అక్టోబరు, నవంబరు కాగితాల్లో యుద్ధం ముగింపు కబుర్లు, వాటి నడుమ జ్వరాల వార్తలు, మందుల ప్రకటనలు. మరణవార్తలు లేకపోలేదు. ఫలానా వకీలు గారు, ఫలానా పండితుల వారు. 1915లో గురజాడ, 1919లో వీరేశలింగం పోయినప్పుడు పత్రికలు రాశాయి. మగ్గం ముందు కూర్చుని కండెలు చుట్టిన ఇల్లాలు పోతే ఎవరు రాస్తారు? దొరుకుతుందని నేనూ అనుకోలేదు. ఆమె చివరి వారంలో ఊళ్లో గాలి ఎలా ఉందో చూద్దామనే కూర్చున్నాను.

మన కాలం మనుషుల్ని వెతకాల్సిన మనవళ్లకి ఈ బాధ ఉండదు. ఇప్పుడు జిల్లా పేజీల్లో శ్రద్ధాంజలి ప్రకటన లేని రోజు లేదు. ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, పెద్దకర్మ ఎక్కడో, కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు. ఇంటిపేర్లతో సహా రెండంగుళాల్లో వంశవృక్షం. చదవకుండా పేజీ తిప్పేస్తాం గానీ, ఇంట్లోవాళ్లది వస్తే కత్తిరించి తేదీ వేసి దాచాలి. ఆడపిల్ల ఏ ఇంటికి వెళ్లిందో చెప్పే కాగితం శుభలేఖ తర్వాత ఇదొక్కటే.

పత్రికలో లేనిది ప్రభుత్వ రిజిస్టరులో ఉంటుందేమోనని తర్వాత ఒక కచేరీకి వెళ్లాను. ఏ కచేరీకి వెళ్లాలో తేల్చుకోవడమే సగం పని. 1918లో మా ఊరు గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022లో బాపట్లే జిల్లా అయ్యింది. ఊరు కదల్లేదు, కాగితాలు తిరిగాయి. మద్రాసు రాష్ట్రంలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం వచ్చింది. పల్లెల్లో ఆ చిట్టా మునసబు చేతిలో ఉండేది. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయ్యింది. మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. ఆ మార్పుల్లో ఎవరింటి అటకమీది రికార్డు ఏ బీరువాలోకి చేరిందో, ఏది చెదలపాలయ్యిందో ఊరూరికీ ఒక కథ.

మా ఊరిది మిగిలింది. గుమస్తా గారు దుమ్ము దులిపి తెరిచారు. గొలుసుకట్టు రాత. అక్షరం మీంచి కలం ఎత్తకుండా సాగిపోతుంది, అలవాటు లేని కంటికి ఒక్క ముక్కా అందదు. ఆయనే వేలు పెట్టి చదివారు. అక్టోబరు మొదట్లో గడులన్నీ నింపి ఉన్నాయి: తేదీ, పేరు, కులం, వయసు, కారణం. పోనుపోను పుట కిక్కిరిసింది, వయసు గడులు ఖాళీ అయ్యాయి, కారణం గడిలో 'జ్వరం' అని ఒకసారి రాసి కిందంతా అడ్డగీతలు. ఆ రోజుల్లో ఇన్‌ఫ్లుయెంజాకు వేరే గడి లేదు, ఆ చావులు ఎక్కువగా జ్వరాల పద్దులోనే పడ్డాయి.

28వ తేదీ కింద మా తాతమ్మ దొరికింది. పేరుండాల్సిన చోట మా ముత్తాత పేరు, పక్కన 'భార్య'. ఆమె సొంత పేరు పద్దుల పుస్తకంలోనే ఉంది, సర్కారు కాగితంలో లేదు.

"నకలు కావాలంటే అర్జీ పెట్టండి. కారణం మాత్రం అందులో రాదండీ" అన్నారు గుమస్తా గారు. నిజమే. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, కానీ మరణ కారణం మాత్రం నకల్లో చూపరు. నూరేళ్లు దాటిన జ్వరం ఎవరి పరువు తీస్తుందని దాస్తారో నాకు అర్థం కాలేదు. ఆయనతో వాదించి మాత్రం ప్రయోజనం ఏముంది?

పుస్తకం మూయబోతూ ఆయనే ఆగారు. "ఇదీ మీ ఇల్లేనా చూడండి."

నాలుగు వరసల కింద అదే ముత్తాత పేరు. 'కూతురు, 8 నెలలు, జ్వరం.'

తాతగారికి చెల్లెలున్న సంగతి ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. పసిబిడ్డకి తద్దినం పెట్టరు కాబట్టి తిథుల పేజీలో ఆ పిల్లకి చోటు లేదు. బయటికొచ్చి పెదనాన్నకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పేరేం పెట్టారో చూశావా?" అన్నారు.

పేరు లేదు. ఎనిమిది నెలలంటే ఆ పిల్ల పుట్టుక పింగళ నామ సంవత్సరం చివర్లో, 1918 ఫిబ్రవరి ప్రాంతాల్లో నమోదై ఉండాలి. జనన రిజిస్టర్లు వేరే గదిలో ఉన్నాయట, తాళం మరొకరి దగ్గర. రెండు మరణాల నకళ్లకూ విడివిడిగా అర్జీలు రాసిచ్చాను. సోమవారం రమ్మన్నారు.