పుచ్చలపల్లి... ఇవనోవా!

నెల్లూరు నుంచి పెన్నా దాటి, కోవూరు మీదుగా తూర్పుకి మళ్లితే రోడ్డుకి రెండువైపులా వరిమళ్లు, సముద్రం దగ్గరపడేకొద్దీ రొయ్యల చెరువులు. ఈ దారుల్లోనే, విడవలూరు మండలంలో ఉంది అలగానిపాడు. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య 1913లో పుట్టిన ఊరు. పెద్దలు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. చివర ఉన్న 'రెడ్డి'ని ఆయన వదిలేశారు, ముందున్న పుచ్చలపల్లిని మాత్రం ఉంచుకున్నారు. 1943లో ఆయన్ని పెళ్లాడిన బొంబాయి యువతి లీల అటు ఇంటిపేరు జోలికి పోకుండా లీలా సుందరయ్యగానే అందరికీ తెలిశారు.

ఈ తీరంలో ఇంటిపేరంటే చాలావరకు ఊరిపేరే. పల్లి, పాడు, పూడి... తాతముత్తాతలు ఎప్పుడో వదిలొచ్చిన ఊళ్లు పేర్ల ముందు నిలిచిపోయాయి. పెళ్లితో అమ్మాయి పొడి అక్షరం మారుతుంది. పుట్టింటి ఊరు పోయి అత్తింటి ఊరొస్తుంది. మరి అత్తిల్లు రష్యాలో అయితే?

రష్యా ఈ తీరానికి కొత్తేం కాదు. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2001 ఏప్రిల్ 18న ఎగిరిన తొలి జీఎస్ఎల్‌వీకి పైదశ క్రయోజెనిక్ ఇంజిన్ అక్కణ్నుంచి వచ్చిందే. పేర్లు అతకడమే కాస్త కష్టం! అక్కడ ముందు సొంత పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు. భర్త ఇవనోవ్ అయితే భార్య ఇవనోవా. అది అచ్చుతప్పు కాదు, ఆడపేరుకి అక్కడి వ్యాకరణం.

నెల్లూరులో కొంతకాలం చదువుకున్న పవన్ కల్యాణ్ ఇంట్లో ఈ కలయిక కనిపిస్తుంది. రష్యాకి చెందిన అన్నా లెజ్నెవాని ఆయన 2013లో పెళ్లాడారు. కొడుకు పేరు చివర 'పవనోవిచ్', కూతురి పేరు చివర 'పవనోవా'. రష్యన్ల పద్ధతిలో తండ్రి పేరు కూతురికి 'ఓవ్నా' అవుతుంది, 'ఓవా' ఇంటిపేరు తోక. ఏదైతేనేం, తండ్రి పేరు తల్లి భాషలో పిల్లలకి చేరింది.

కోడలి సంగతి పెళ్లి నమోదుచేసే 'జాగ్స్' ఆఫీసులో తేలుతుంది. 1996 నుంచి అమల్లో ఉన్న అక్కడి కుటుంబ చట్టం ప్రకారం పుట్టింటి పేరు ఉంచుకోవచ్చు, భర్తది తీసుకోవచ్చు. భర్తే భార్య పేరు తీసుకున్నా అడ్డులేదు. మన చట్టమూ పేరు మార్చుకోమని బలవంతపెట్టదు. మార్చుకుంటే పాస్‌పోర్టు కొత్తది తీసుకోవాలి, పాత పేరుతో ఉన్న డిగ్రీ పట్టాలకి పెళ్లి పత్రం జతచేస్తూ ఉండాలి.

రెండూ వదులుకోలేని అమ్మాయికి నడుమ చిన్న గీతతో జోడుపేరు పెట్టుకునే వీలూ ఉంది. పుచ్చలపల్లి-ఇవనోవా అని రాయాలంటే మాత్రం దరఖాస్తులో గడులు ఒకసారి లెక్కపెట్టుకోవాలి.