కుందూ గట్టున కౌజు పిట్టల కొట్టము

కర్నూలునుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు పోవు బాటలో తూర్పున నల్లమల కొండల వరుస చాలదూరము తోడువచ్చును. పడమట శనగయు జొన్నయు పండు నల్లరేగడి చేలు, వానికావల నాపరాతి పలకలు పైకి తేలిన బీళ్ళు, వాని నడుమ, పందొమ్మిదవ శతాబ్దమున మదరాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించగా 1882లో ప్రభుత్వము కొనివేసిన కర్నూలు–కడప కాలువ తడిపినంత మేర మాత్రము పచ్చని వరిమళ్ళు కనబడుచుండును. చెట్టునీడ కఱవైన ఈ సీమలో పక్షులనేకములకు కొమ్మకంటె నేలయే ఎక్కువ ఆధారము. పూరేడు, కముజు, రోళ్ళపాడు గడ్డిబీళ్ళ బట్టమేక పిట్ట, లంకమల కలివికోడి ఇవన్నియు నేలను నమ్ముకొని బ్రదుకు జాతులు. మట్టిరంగులో మట్టియై అణగియుండుట, పొదచాటున పరుగుదీయుట, ఇక గత్యంతరము లేనప్పుడు మాత్రము కాళ్ళసందునుండి భుర్రుమని పైకెగయుట, ఈ మూడును అట్టి పిట్టల ప్రాణరక్షణోపాయములు. వానిని బెదురుగొడ్డులని నిందించువారు ఆ బెదురే లేకున్నచో ఆ వంశములు ఏనాడో అంతరించియుండుననుట మఱతురు.

ఇట్టి పక్షులను నమ్మించు విద్య సీమకు క్రొత్త గాదు గాని దాని ప్రయోజనము వేఱుగా నుండెడిది. పిట్టలు పట్టువారు కముజును పిల్లనాటినుండి చేతిలో పెంచి, తెల్లవాఱుజామున గూటితో గొనిపోయి పొదలనడుమ దించి కూయించుటయు, ఆ కూతకు రోషపడి కయ్యమునకు వచ్చిన అడవి కముజు ఉరులలో తగులుకొనుటయు పల్లె పెద్దలు నేటికిని చెప్పుకొందురు. అట్లు జాతిని పట్టియిచ్చు పెంపుడు పిట్టకు దీమమని పేరు. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో పొట్టేళ్ళ పోరు, కోళ్ళ పోరులతోపాటు లావుక పిట్టల పోరును గూడ చేర్చెను. అంతకు మిక్కిలి పూర్వమే ఋగ్వేదము అశ్వినీదేవతలు తోడేలి నోటినుండి వర్తికను, అనగా పూరేడును, విడిపించిరని కీర్తించినది. పట్టుటయు, విడిపించుటయు రెండును ఈ చిన్నపిట్ట చుట్టు మనకు ప్రాచీనములే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత అడవి పూరేళ్ళను, కముజులను ఉరులొడ్డి పట్టుట నేరము. చట్టమట్లుండగా, అడవి పక్షి బోనును సహింపదనుటకు కడప జిల్లాలోనే నిదర్శనమున్నది. 1848లో జెర్డన్ దొర కనుగొన్నదియు, 1900 తరువాత ఎవరి కంటను బడక నశించినదనుకొన్నదియు నగు కలివికోడి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ సాగించిన అన్వేషణ ఫలితముగా, 1986 జనవరిలో సిద్ధవటము చేరువ లంకమల పొదలలో తిరిగి లభించెను. స్థానికుడొకడు రాత్రివేళ దీపపు వెలుగున చేతికి జిక్కించుకొన్న ఆ పక్షి చెఱలో బ్రదుకలేకపోయెను. మచ్చిక చేసికొనదగిన పక్షి వేఱు, దూరమునుండి కాపాడదగిన పక్షి వేఱు.

నేను చూడబోయినవి మొదటి తరగతికి చెందిన జపాను కౌజులు. జపానులో వీనిని మొదట పెంచినది గ్రుడ్డుకు గాదు, కూతకు. ఎడో కాలమున వీని కూతలకు పోటీలు జరిగెడివి. ఇరువదవ శతాబ్దారంభమున గ్రుడ్లకై ఏఱి పెంచుట మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధమున కూతల వంశములు నశింపగా, మిగిలిన కొలదిపాటి పిట్టలనుండి నేటి సంతతి వృద్ధిపొందినది. 1974లో కాలిఫోర్నియానుండి ఉత్తరప్రదేశమందలి ఇజత్‌నగరమునకు వచ్చి, అచ్చటినుండి దేశమంతట వ్యాపించి, ఇప్పుడు మన సంతలలో కౌజు పిట్టలను పేర చెల్లుచున్నవి. ఆఱేడు వారములకే గ్రుడ్డునకు వచ్చి, మంచి మేత దొరికినచో ఏడాదికి 250కి పైగా గ్రుడ్లు పెట్టు ఈ పిట్ట మనుష్యుని నీడన ఎన్ని తరములు గడపినను, బెదురును మాత్రము తాతలనాటి ఆస్తివలె వదలక తెచ్చుకొన్నది.

మైదుకూరు దాటి బాటకు పడమరగా, కుందూ గట్టు చేరువనున్న ఒక పల్లెలో అరువదియేండ్లు పైబడిన ఒక రైతుగృహిణి, మనుమడు ముచ్చటపడెనని తెచ్చిన రెండు జతలతో మొదలుపెట్టి, ఇప్పుడొక చిన్న మందనే సాకుచున్నదని విని, సాయంకాలమునకు అక్కడికి చేరితిని. కడపబండలు నిలువుగా పాతి, పైన రెల్లు కప్పిన కొట్టమది. లోపల గూళ్ళు జానెడున్నర ఎత్తునకు మించలేదు. పైకప్పు లోపలివైపున పాత నూలు దుప్పటి బిగించి కుట్టబడియుండెను. ఇంత కుఱుచ గూడేలయని అడుగగా ఆమె నవ్వి, “బెదిరిందంటే నిట్టనిలువుగా లేస్తాది నాయనా. తగ్గుగా ఉంటే జోరు అందుకోలేదు. ఎత్తు పెట్టాలంటే మనిషెత్తు పెట్టి మెత్తటి వల కట్టాల. నడిమధ్యన పెడితే నెత్తి పగుల్తాది. అదేమన్నా చూసుకొని ఎగుర్తాదా?” అనెను. పిట్ట స్వభావమును దిద్దబూనక, ఆ స్వభావమువలన పిట్టకు దెబ్బ తగులకుండునట్లు మొదట గూటిని దిద్దుట ఆమె విద్యలో ప్రథమపాఠమని నాకు తోచినది.

గూటి ముందు నిలుచుండి తొంగిచూడబోగా ఆమె నా చేయి పట్టి ఆపెను. “నిలబడి చూడగాకు, ఆ పీట మీద కూర్చో. గద్ద పైనించే కదా వచ్చేది!” తలపైనుండి వాలు నీడ ఏదైనను నేలపిట్టకు డేగయే. కావున మేత పెట్టుటకైనను, నీరు మార్చుటకైనను గూటి తలుపు పైన గాక ప్రక్కన అమర్చి, చేతిని నేలకు ఆనించి లోనికి జరుపుట అక్కడి మర్యాద. కొట్టములో అడుగిడుటకు ముందే ఆమె నాలుకతో ఒక చిన్న చప్పుడు చేయును. ఆ చప్పుడునకు తరువాత మేతయేగాని వేఱొకటి జరుగదని పిట్టలు ఎఱుగును. ఏ పిట్టనైనను పట్టవలసివచ్చినచో పగటివేళ తఱిమి పట్టుట నిషిద్ధము. చీకటి పడిన పిమ్మట మెల్లగా రెండు రెక్కలను దోసిట కప్పి ఎత్తవలెను. రొమ్మును బిగించి పట్టరాదు, ఏలయన రొమ్మెముక కదలినగాని పక్షికి ఊపిరి ఆడదు.

ఇక చేతిమేత. దీనికి ఆమె వాడునది అంగడి సరకు గాదు. పగిలిన కుండలో ఎండుపేడయు జొన్నచొప్పయు కుక్కి, నీళ్ళు చిలుకరించి, సాయంత్రము చేనిగట్టున బోర్లించివచ్చినచో తెల్లవాఱుసరికి అది చెదపురుగులతో నిండియుండును. కోడిపిల్లలకు మాంసకృత్తులు ఎక్కువగల మేత కావలెనని ఏ పుస్తకమును చదువకయే సీమ ఇల్లాండ్రు ఎఱిగిన ఉపాయమిది. ఉదయమున తెచ్చి నీడను దాచిన ఆ కుండనుండి కొన్ని పురుగులను నా అఱచేతిలో దులిపి, చేయి గూటి ఇసుకపై వెల్లకిల ఉంచి కదలకుండుమనెను. పిట్టలన్నియు అవతలి మూలకు ఒదిగినవి. నా చేయి తిమ్మిరి యెక్కుచున్న సమయమున, రొమ్ముపై నల్లచుక్కలు గల ఒక పెట్ట మెడ సాచి, రెండడుగులు వేసి, ఒక్క పురుగును తన్నుకొని పరుగెత్తెను. దాని ముక్కునుండి ఆ పురుగును లాగికొనుటకై మఱి రెండు దాని వెంటబడినవి. ఆ పెనుగులాటలో నా చేతిని మఱచినవి. కొంతసేపటికి రొమ్ము కావిరంగు గల పుంజొకటి నా మణికట్టునెక్కి, ఆవల నున్న నీళ్ళపళ్ళెమునకు దాటిపోయినది. అది నాపై ప్రేమ యని నేను పొంగబోవుచుండగా ఆమె, “నీ చెయ్యి దానికిప్పుడు గట్టులెక్క, అంతే. అదే మంచిది” అనెను.

ఆ మాటలోని లోతు మఱుక్షణమే తెలిసినది. పదేండ్ల మనుమడు ఒక పిట్టను ఎత్తి, వెల్లకిల త్రిప్పి అఱచేత పరుండబెట్టి, “చూడండి సార్, నిద్రపోయింది” అని నాకు చూపెను. కాళ్ళు బిగదీసికొని, కన్ను ఆర్పక, అది బొమ్మయై పడియుండెను. “నిద్ర గాదురా, చావుభయం. తిప్పు ముందు” అని జేజి గద్దించెను. ఈ స్తంభనము శాస్త్రజ్ఞులు చక్కగా పరిశీలించిన విషయము. పట్టువడిన పిట్ట శత్రువు పట్టు సడలువఱకు చచ్చినట్లు నటించుట ప్రకృతి నేర్పిన తుది ఉపాయము. ఫ్రాన్సు దేశమున మిల్స్, ఫోర్ అనువారు ఇట్లు చాలసేపు స్తంభించు కౌజులను ఒక వంశముగను, త్వరలో తేరుకొను వానిని మఱొక వంశముగను ఏఱి పెంచి, బెదురుపాలు తరతరములకు సంక్రమించునని 1991లో ప్రకటించిరి. కాబట్టి ఒకే గూటిలో ఒకే చేతి క్రింద పెరిగినను ఒకటి వారమునకే చేతికి వచ్చుట, వేఱొకటి జన్మమంతయు మూలను విడువకుండుట పెంచువాని లోపము గాదు. అంతకంటె ముఖ్యమైనదేమనగా, కదలని పిట్టను చూచి మచ్చికైనదని మురియుట పొరపాటు.

మఱి నిజమైన నమ్మకమునకు గుర్తేది? ఆమె ఒక మూలనున్న బాండలిని చూపినది. అందు ఇసుకలో పొయ్యిబూడిద కలిపియున్నది. మేము అంత దగ్గఱ కూర్చుండియున్నను ఒక పెట్ట దానిలో ప్రక్కకు ఒఱిగి, ఒక కాలు బారజాపి, కన్ను సగము మూసి, రెక్కతో బూడిద ఎత్తిపోసికొనుచుండెను. నేలపిట్ట ఒఱిగి పడుకొన్న క్షణమున పరుగునకుగాని ఎగయుటకుగాని సిద్ధముగా నుండదు. ప్రమాదమున్నదని ఏ మాత్రము అనుమానమున్నను ఆ పని చేయదు. ఈకలు దువ్వుకొనుట, ధూళిస్నానము, కీచులాట, గ్రుడ్డు, ఇట్లు తన పని తాను చేసికొనుటయే విశ్వాసము. మనలను లెక్కచేయకపోవుటయే అది మనకిచ్చు గౌరవము.

గ్రుడ్డు ఈ విషయమున కల్లలాడదు. కౌజులు ఎక్కువగా మధ్యాహ్నము దాటిన పిమ్మటనే గ్రుడ్లు పెట్టును. నేనున్న సమయమున ఆమె ఏఱి తెచ్చిన గ్రుడ్లలో ప్రతి పెట్టదానికి వేఱువేఱు మచ్చల పొందిక యున్నది. ఇది ఫలాన పెట్టదని ఆమె చూపుతోనే చెప్పుచుండెను. వానిలో ఒకదానిపై మచ్చలు కనబడకుండ తెల్లని సున్నపుపొర పేరుకొనియున్నది. ముందురోజు ఊరిలో పెండ్లి ఊరేగింపున టపాకాయలు కాల్చిరట. బెదరిన పెట్ట గ్రుడ్డును సకాలమున విడువక కడుపున పట్టియుంచుకొనగా పైపొర మందమగుట కోళ్ళశాస్త్రమున ప్రసిద్ధమే. నిన్నటి బెదురు నేటి పెంకుపై అట్లు నమోదైనది.

నమ్మకమును పిల్లనాడే నాటుట సులభమని ఆమె అనుభవము. పదునేడు పదునెనిమిది దినముల పొదుగులో కడపటి ఘడియలయందు గ్రుడ్లు ఒకదానికొకటి టికటికమని సంజ్ఞ చేసికొని ఇంచుమించు ఒకేమాఱు పగులుననియు, వెనుకబడినదానిని ఆ శబ్దములు తొందరపెట్టుననియు 1960 దశకమున ఇంగ్లండులో మార్గరెట్ విన్స్ అను విదుషీమణి నిరూపించెను. అనగా వినికిడి పెంకులోపలనే మొదలగును. పది గ్రాములైనను తూగని ఆ పిల్లలు నీళ్ళపళ్ళెములో మునిగి చచ్చునంత అల్పప్రాణులు. అందుచే పళ్ళెము నిండ గులకరాళ్ళు పఱచియుండెను. మొదటి దినములనుండియు మనుమడు వాని ప్రక్కన కూర్చుండి పాఠములు పైకి చదువుకొనును. ఆ గొంతు విని పెరిగినవి తరువాత వానికి బెదరవు.

“అమ్మా, ఇవి నిన్ను గుర్తించునా?” అని అడిగితిని. ఉగాదినాడు జరీచీర కట్టుకొని మేతకు పోగా గూటిలోని పిట్టలన్నియు ఒక్కుమ్మడి లేచి దుప్పటికి కొట్టుకొన్నవనియు, మఱల వెలిసిన పాతచీర కట్టుకొని వచ్చువఱకు మెతుకు ముట్టలేదనియు చెప్పి, “నన్నేం నమ్ముతాయి నాయనా! పొద్దుకు మేత వస్తాదని నమ్ముతాయి, ఎవురూ తరమరని నమ్ముతాయి. అది చాలదా?” అనెను. వ్యక్తిని గాక వ్యక్తి పాటించు క్రమమును నమ్ముటయే పిట్ట లక్షణము. కనుకనే ఆ క్రమమును పాటించిన పరాయివాడనగు నా చేతిపైకి వచ్చుటకును, తప్పిన యజమానురాలినుండి పాఱిపోవుటకును వానికి సంకోచము లేదు.

బయలుదేరుటకు ముందు, మందలో పుంజులు పెచ్చుపెరిగినచో ఏమి చేయుదురని అడుగక తప్పలేదు. పుంజులు ఎక్కువైనచో ఒకదాని తల ఒకటి నెత్తురు కాఱునట్లు పొడుచుకొనును. రెండు మూడు పెట్టలకొక పుంజును మాత్రమే నిలిపి, తక్కినవానిని మైదుకూరు సంతకు పంపుదుమని ఆమె దాపఱికము లేక చెప్పినది. “చేతి మీద తిన్నదాన్ని మాత్రం పంపేది లేదు. పంపేటట్టుంటే మచ్చికే చేయగూడదు” అని మనుమని వైపు చూచి గట్టిగా అనెను. సంతకు పోవు పుంజులను అందుకే మొదటినుండి వేఱొక గూట పెట్టి, మేత వేసి, చేయి చాపక సాకుదురు. దీమమును పెంచినవాడును ఇంతే ఓర్పుతో, ఇదే మెలకువతో పిట్ట నమ్మకమును సంపాదించెడివాడు. నేర్పున ఇద్దఱికి భేదము లేదు. సంపాదించిన నమ్మకమును దేనికి వినియోగింపరాదో ముందుగా తేల్చుకొని మఱి చేయి చాపుటలోనే ఈ వృద్ధురాలు ఆతనికంటె వేఱైనది.