ఉప్పెన నాటి దెబ్బ

అవనిగడ్డ వైపు నుంచి విజయవాడ వచ్చిన రైతు. అరవై దాటాయి. కుడికంట్లో శుక్లం బాగా ముదిరింది. స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టి, "పక్కకు చూసి మళ్ళీ నావైపు చూడండి" అన్నాను. కన్ను ఆగింది. లోపల కటకం ఆగలేదు, గిన్నెలో జున్నులా వణికింది.

"ఈ కంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"లేదండి."

చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక చూస్తే కింద ఒకవైపు కటకం అంచు కనబడుతోంది. మళ్ళీ అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"ఉప్పెన నాడు ఇంటి వాసం తగిలిందండి. ఆ రాత్రి మా చెల్లి కొట్టుకుపోయింది. కన్ను సంగతి ఎవరడిగారండీ!"

1977 నవంబరు 19. అప్పటికాయన పిల్లాడు.

కటకం కంట్లో దేనిమీదా కూర్చుని ఉండదు, వేలాడుతుంది. ఉట్టికి తాళ్ళు పైనుంచే. దీనికి చుట్టూతా, వందలకొద్దీ సన్నని దారాలు. వాటిని జోన్యూల్స్ అంటాం. వాటి గురించి 1755లో రాసిన జర్మన్ వైద్యుడు జిన్ పేరే మన పెరట్లో పూసే జినియాకూ పెట్టారు. దారాల రెండో కొస సీలియరీ కండరం ఉండే వలయానికి ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఆ కండరం బిగుసుకుంటే దారాలు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. చాలామంది దీన్ని తిరగేసి ఊహిస్తారు. వయసు మీద పడి కటకం గట్టిపడ్డాక ఉబ్బలేదు, అదే చత్వారం.

దెబ్బకు తెగిన దారం మాత్రం మళ్ళీ అతుక్కోదు. శుక్లం ఆపరేషన్‌లో కటకం పైపొరను సంచిలా ఉంచి లోపలిదంతా తీస్తాం. ఆ సంచి వెనకవైపు నడిమధ్యన మందం మిల్లీమీటరులో 250వ వంతు. దారాలు లేనిచోట అది ఒరుగుతుంది, కటకం కంటి వెనక భాగంలోకి జారిపోవచ్చు. తొలి రోజుల్లో నా చేతిలో ఒకావిడకు అలాగే జారింది. దాన్ని తీయడానికి రెటీనా సర్జన్ మరో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. దెబ్బ సంగతి నేను ఆమెను అడగనేలేదు.

ఈ రైతుకు సంచి లోపల అంచు వెంబడి ప్లాస్టిక్ రింగు అమర్చి, మిగిలిన దారాలపై బరువు సమంగా పడేలా చేసి, కొత్త లెన్సు పెట్టాం. నిలబడింది.

శుక్లం పండేదాకా ఆగకండి. బాగా ముదిరితే ఉన్న దారాలూ బలహీనపడవచ్చు. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతుంటే తగిలినా, ఎద్దు కొమ్ము విసిరినా, యాభై ఏళ్ళయినా సరే, ఆపరేషన్‌కు ముందే చెప్పండి. తోటి డాక్టర్లకూ ఒక మనవి: లేదన్నా ఇంకోసారి అడగండి.