రాడ్డు ఇంకా ఎందుకు కాలుతోంది

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డుకు వెళ్తే వెల్డింగ్ పద్ధతులు పక్కపక్కనే కనిపించాయి. లోపల టిప్పర్ తొట్టికి పొడవాటి అతుకులు సీఓటూ మిషన్‌తో వేస్తున్నారు. చుట్ట నుంచి సన్నని తీగ ఆగకుండా వస్తుంటే, గన్‌లోంచి వచ్చే గ్యాస్ కరిగిన లోహానికి గాలి తగలనివ్వదు. రాడ్డుతో అయితే అది అరిగినప్పుడల్లా ఆగాలి, చివరి ముక్క పారేయాలి, సుత్తితో అతుకు మీద గట్టిపడిన స్లాగ్ రాల్చాలి. ఒకే రకం అతుకు రోజంతా వేసే చోట తీగదే పైచేయి, ఇందులో వాదన లేదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు, అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ ఉండనే ఉంది. నెమ్మదే గానీ పలుచని రేకు మీద ఆ శుభ్రత మరో పద్ధతికి రాదు.

షెడ్డు బయట మాత్రం పాత లారీ చాసిస్ కింద పడుకుని ఒక మేస్త్రీ రాడ్డుతోనే పని చేస్తున్నారు. దాన్ని వెనకబాటుతనం అనుకుంటే పొరపాటే. ఆరుబయట గాలి వీచిందంటే సీఓటూ గ్యాస్ చెదిరిపోయి అతుకులో బుడగలు పడతాయి. దాని గన్ కేబుల్ కూడా మామూలుగా కొన్ని మీటర్లకు మించదు. రాడ్డు మీది పూత కాలుతూ తన గ్యాస్ తనే పుట్టిస్తుంది, పైన స్లాగ్ పొర కప్పుతుంది. సిలిండర్ మోయనక్కర్లేదు. 1904లో వెల్డింగ్ సామగ్రి సంస్థ ఎసాబ్‌ను స్థాపించిన స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బెరి పూత రాడ్డును తయారు చేసింది కూడా ఓడల, బాయిలర్ల మరమ్మతు కోసమే. పని ఉన్న చోటికి వెళ్లడమే దాని పుట్టుక లక్షణం.

రాడ్డు అతుకు నిలవదని కొందరంటారు. రాడ్డు ప్యాకెట్ మీద ఈ7018 అని, తీగ చుట్ట మీద ఈఆర్70ఎస్-6 అని ఉంటుంది. రెండింటిలోనూ 70 అంటే ఒకటే: లాగితే చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్లు తట్టుకునే బలం. మరి అతుకులు పగలడం లేదా అంటే, పగులుతాయి. 7018 పూత తేమ పీలిస్తే ఆ నీటిలోని హైడ్రోజన్ అతుకులో చేరి పగుళ్లు తెస్తుంది. అందుకే ఆ రాడ్డును ఓవెన్‌లో 300 డిగ్రీలు దాటిన వేడిలో ఆరబెట్టాలి, సీలు విప్పాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. కృష్ణ ఒడ్డున వానాకాలపు తేమలో ఇది మరీ ముఖ్యం. నేను చూసిన షెడ్డులో విప్పిన ప్యాకెట్ నేల మీదే ఉంది. రాడ్ల ఓవెన్ ఖరీదు సీఓటూ మిషన్ ఖరీదులో కొంత భాగమే. చాసిస్ పని చేసే యజమానులు ముందుగా కొనాల్సింది దాన్నే.