తాళంచెవి పట్టే చెయ్యి

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం మిత్రులు అడిగారు. నాకు రాని ఉద్యోగం గురించి వ్రాస్తున్నాను.

2022 ఏప్రిల్‌లో పోలీసు నియామక మండలి ప్రకటనలో జైలు వార్డరు ఖాళీలు చూసి దరఖాస్తు పెట్టాను. నేనూ, నా మిత్రుడూ తెల్లవారకముందే కోటగిరి రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళం. తాత నవ్వేవాడు. "తాళాలు తిప్పే నౌకరికి ఇంత ఉరుకుడెందుకురా?"

నాకా ఉద్యోగం మీద మనసు పడటానికి వేరే కారణముంది. నేను నాలుగో తరగతిలో ఉండగా, గట్టు తగాదాలో మా నాయిన ఇరవై రోజులు రిమాండులో ఉన్నాడు. అమ్మతో ములాఖత్‌కు పోయాను. ఒక వార్డరు మా టిఫిను డబ్బాను కాలితో పక్కకు జరిపాడు. ఇంకొకాయన దగ్గరకొచ్చి, "రంది పడకమ్మా, మీ ఆయన పొద్దున అన్నం తిన్నడు" అన్నాడు. ఆ రాత్రి అమ్మ కూడా అన్నం తిన్నది. ఇద్దరిదీ అదే ఖాకీ!

మరి ఆ ఇద్దరినీ వేరుచేసే పరీక్ష ఏది? మొదట 200 మార్కుల ప్రాథమిక పరీక్ష. తర్వాత 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, 7.26 కిలోల గుండు. 2023 ఏప్రిల్ 30న చివరి పరీక్ష. అందులో నేను పోయాను. కానీ జైల్లో మొదటి రాత్రి ఏడ్చేవాడితో ఏం మాట్లాడతావని ఎక్కడా ఎవరూ అడగలేదు.

పరీక్ష అడగనిది శిక్షణే నేర్పాలి. వార్డర్లకు చంచల్‌గూడలో శిక్షణ సంస్థ ఉంది. దక్షిణాది జైలు ఉద్యోగుల కోసం 1979లోనే వెల్లూరులో అకాడమీ పెట్టారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు కూడా, పనిలో చేరకముందే సిబ్బందికి శిక్షణ ఇవ్వాలనీ, అందులో ప్రథమ చికిత్స, నచ్చజెప్పి గొడవ సర్దడం ఉండాలనీ అంటున్నాయి. కవాతు ఒక్కటే చాలదన్నమాట.

2022 చివరి లెక్కల్లో మన దేశపు ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ముగియనివారే. ఇందూరు ఖిల్లా జైల్లో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. లోపలున్న ప్రతివాడూ దొంగ కాడని మా జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా?

నాతో పరుగెత్తిన మిత్రుడు ఎంపికయ్యాడు. శిక్షణకు పోతూ తాత కాళ్ళకు మొక్కాడు. ఈసారి తాత నవ్వలేదు.

"తాళం తీసేటప్పుడు మనిషి మొఖం చూడు బిడ్డా" అన్నాడు.