లాంకాస్టర్ కోటలో షెరీఫుల డాళ్లు

ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ కోటలో షైర్ హాల్ అనే పెద్ద న్యాయశాల ఉంది. దాని గోడ నిండా వంశ చిహ్నాలు దిద్దిన ఆరువందలకు పైగా చెక్క డాళ్లు వరసలు తీరి ఉన్నాయి. రాజులవీ కోట అధికారులవీ పోగా మిగిలినవన్నీ లాంకషైర్ షెరీఫులవి. తొలి పేరు 1129 నాటిది. ఏటా కొత్త షెరీఫు (ఇప్పుడు హై షెరీఫు అంటారు) డాలు ఒకటి వచ్చి చేరుతుంది. సింహాలు, పక్షులు, అడ్డపట్టీలు దిద్దిన చేతుల పనితనానికి దణ్ణం పెట్టాలి. కానీ ఆ గోడను ఎంతసేపు చూసినా నా అసంతృప్తి తగ్గలేదు. డాలు మీద వంశం కనిపిస్తుంది, ఆ మనిషి ఏలుబడి కనిపించదు.

షెరీఫంటే ఒకప్పుడు కౌంటీలో రాజుకు కుడిచెయ్యి. పన్ను వసూలు, జ్యూరీని పిలవడం, ఖైదీల కాపలా, ఉరిశిక్ష అమలు అన్నీ అతనివే. ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్, మైకేల్మస్ పండుగలకు, గళ్ల గుడ్డ పరిచిన బల్ల ముందు రాజుగారి ఖజానాకు లెక్క అప్పజెప్పాలి. ఆ లెక్కలు రాసిపెట్టిన చుట్టల్లో 1130 నాటిది లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న జాతీయ అభిలేఖాగారంలో ఇప్పటికీ ఉంది. ఫిర్యాదులు రావడంతో 1170లో రాజు రెండో హెన్రీ షెరీఫుల మీద విచారణ జరిపించి, చాలామందిని పదవుల్లోంచి తప్పించాడు. స్వేచ్ఛాజనుల గుర్రాలనూ బళ్లనూ వాళ్లు ఒప్పుకోకుండా షెరీఫు తీసుకోకూడదని 1215 నాటి మాగ్నా కార్టా హక్కుల పత్రం శాసించింది. జనం ఎంత విసిగిపోతే అలాంటి షరతు రాయించుకుంటారు! ఇదే కోటలో ఇంకో కోర్టు గది ఉంది. దాని బోను వెనక దోషి చేతిని బిగించే ఇనప పట్టీలూ, బొటనవేలి కింద ‘ఎం’ అక్షరం కాల్చే ముద్రకోలా ఉన్నాయి. శిక్ష అమలు బాధ్యత షెరీఫుదే కాబట్టి, ఆ ఇనుము కూడా డాళ్ల చరిత్రలో భాగమే.

ఇప్పుడు హై షెరీఫుకు జీతం లేదు, కోర్టు తీర్పుల అమలు కూడా 2004 నుంచి వేరే అధికారుల చేతికి పోయింది, సొంత డబ్బుతో ఏడాదిపాటు న్యాయమూర్తులకూ పోలీసులకూ స్వచ్ఛంద సంస్థలకూ అండగా నిలిచేవాళ్లను ఎందుకు తప్పుపట్టాలని కొందరు అడుగుతారు. వాళ్ల సేవను నేను తప్పుపట్టడం లేదు. అయితే హై షెరీఫు వేసుకునే మఖమలు కోటుకూ నడుముకున్న కత్తికీ గౌరవం ఈ ఒక్క ఏడాది సేవతో రాలేదు, వెయ్యేళ్ల పాతదనంతో వచ్చింది. పాతదనాన్ని వారసత్వంగా తీసుకున్నప్పుడు దాని మీద జనం చేసిన ఫిర్యాదులను కూడా తీసుకోవాలి. ఆ కోటకు వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి ఒక్కటే: డాళ్ల దగ్గర ఫొటో దిగి తిరిగి రాకండి, ఆ బోను దాకా కూడా వెళ్లండి.