చెవికి అందని ఇంజిన్

శబ్దం విని రోగం చెప్పే మెకానిక్‌కి మా రోజుల్లో ఉన్న మర్యాదే వేరు. ట్యాపెట్లు లూజైతే ఒక రకం టకటక, టైమింగ్ చైను సాగితే ఇంకో రకం గరగర. ప్లగ్గు విప్పితే మసి పట్టి నల్లగా ఉందా, పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా కాలి ఉందా, తక్కువ అందుతోంది. కార్బురేటర్ విప్పి, ఫ్లోట్ గిన్నెలో నలక ఊదేసి, జెట్టు కన్నంలోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూసి బిగిస్తే సగం జబ్బులు అక్కడే పోయేవి.

2020 ఏప్రిల్ 1న బండ్ల పొగకి హద్దు పెట్టే బీఎస్-6 నియమం అమల్లోకి వచ్చింది. దాంతో కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు మాయమైంది, ఇంజెక్టరు వచ్చింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పాం, లోపలికి పోయే గాలి ఒత్తిడి ఎంత, ఇంజిన్ ఎంత వేడెక్కింది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఇవన్నీ చూసుకుని ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో ఈసీయూ అనే బండిలోని కంప్యూటర్ లెక్కేస్తుంది. మనిషి వేలు పెట్టే చోటు లేదు.

ఎక్కడైనా తేడా వస్తే కొన్ని బండ్లలో మీటరు మీది లైటే దాని కోడు చెబుతుంది. పొడుగ్గా వెలిగితే పది, పొట్టిగా వెలిగితే ఒకటి. రెండు పొడుగులు, ఒక పొట్టి అంటే 21, ఆక్సిజన్ సెన్సరు దగ్గర తేడా. అది నాకు ఇట్టే పట్టుబడింది. పట్టుబడనిది బండికి తగిలించి కోడ్లు చదివే స్కానర్. అంతా ఇంగ్లీషు, చీమతలకాయంత అక్షరాలు. కళ్లజోడు వెతుక్కునేలోపు మా కుర్రాడు ‘ఇటివ్వు బాబాయ్’ అని లాక్కుంటాడు. నేను ముఖం పక్కకి తిప్పుకుని స్పానర్లు సర్దుకుంటాను.

మా మేస్త్రి స్కూటర్లకి స్పార్కు ఇచ్చే పాయింట్ల గ్యాపు సెట్ చేయడంలో మొనగాడు. సీడీఐ బాక్సు వచ్చి పాయింట్లు పోయాక, అవి లేనిది ఒక బండేనా అని విసుక్కునేవాడు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నవ్వే వంతు మా కుర్రాళ్లది. కానీ సీడీఐ మీద అనుమానం వస్తే బాగున్న బాక్సు తగిలించి చూసేవాళ్లం, తేలిపోయేది. ఈసీయూని చాలా బండ్లలో అలా మార్చి చూడలేం. కొత్తది పెట్టాలన్నా, దాన్ని బండికి నమోదు చేయాలన్నా కంపెనీ సాఫ్ట్‌వేరే కావాలి. నాకు అర్థం కానిదాంట్లో వయసు వాటా కొంతే. దాచిపెట్టినవాళ్ల వాటా ఎక్కువ.

అలాగని పాత చదువు దండగ కాలేదు. స్కానర్ కోడు చెబుతుంది గానీ కారణం చెప్పదు. 21 రాగానే కుర్రాడు సెన్సరు మార్చేద్దామంటాడు. నేను ముందు వైరు ఎలుక కొరికిందేమో చూస్తాను, తర్వాత కనెక్టరు పిన్నులకి చిలుము పట్టిందేమో, ఆ తర్వాత సైలెన్సర్ గ్యాస్కెట్ దగ్గర లీకుందేమో. అక్కడ బయటి గాలి కలిస్తే మంచి సెన్సరైనా తప్పుడు లెక్కే చూపిస్తుంది. కొత్త సెన్సరు డబ్బులు మిగిలితే బండాయనకి సంతోషం, నాకు కాస్త పరువు.

రిపేరు హక్కు కోసమని కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టింది. వాహనాలూ అందులో ఉన్నాయి. మంచిదే. రోడ్డు పక్క షెడ్డువాడికి మాత్రం ప్రతి మోడల్‌కీ వైరింగ్ బొమ్మ, కోడ్ల పట్టిక కావాలి. కంపెనీలు ఆ రెండూ తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఇవ్వాలి.